60 పాయింట్ల ఆటగాడు షార్లట్‌లో ఎందుకు ఆగలేదు

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2018 నవంబరు 17న షార్లట్‌లో ఫిలడెల్ఫియాతో జరిగిన మ్యాచ్‌లో స్థానిక జట్టు హార్నెట్స్ ఆటగాడు కెంబా వాకర్ ఒక్కడే 60 పాయింట్లు చేశాడు. అయినా ఆ రాత్రి హార్నెట్స్ ఓడిపోయింది. అదనపు సమయం కూడా ముగిసిపోతూ సెకను లోపే మిగిలినప్పుడు జిమ్మీ బట్లర్ త్రీ పాయింటర్ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేయడంతో ఫిలడెల్ఫియా 122-119తో గట్టెక్కింది. బట్లర్ ఆ జట్టులోకి వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. అంతటి ఆటగాడిని షార్లట్ ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా వాకర్ పక్కన నిలబెట్టలేకపోయింది.

2019 జులైలో వాకర్ ఫ్రీ ఏజెంట్‌గా బోస్టన్‌కు వెళ్లిపోయాడు. అక్కడ అతనికి నాలుగేళ్లకు దక్కింది సుమారు 14 కోట్ల డాలర్లు. నిబంధనల ప్రకారం షార్లట్ అతనికి ఐదేళ్లకు 22 కోట్ల డాలర్ల దాకా ఇవ్వగలదు, కానీ 16 కోట్ల దగ్గరే ఆగిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. చిన్న ఊళ్ల జట్లను కాపాడేందుకే రాసుకున్న నిబంధన చేతిలో ఉండి కూడా షార్లట్ దాన్ని ఎందుకు వాడుకోలేకపోయిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఐపీఎల్ వేలం చూసే మనకు ఫ్రీ ఏజెంట్ అన్న మాట కొంచెం కొత్తగానే ఉంటుంది. వేలంలో ఆటగాడిని జట్టు కొనుక్కుంటుంది, ఎక్కడికి వెళ్లాలన్నది అతని చేతిలో ఉండదు. ఎన్‌బీఏలో ఒప్పందం ముగిసిన ఫ్రీ ఏజెంట్ తన జట్టును తానే ఎంచుకుంటాడు. ఈ హక్కు ఊరికే రాలేదు. ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరుతో ఆటగాళ్లు 1970లో వేసిన దావా 1976లో రాజీతో ముగిసింది. పాత జట్టుకు అడ్డుకునే వీలు ఏమాత్రం లేకుండా ఒక ఆటగాడు స్వేచ్ఛగా వెళ్లడానికి మరో 12 ఏళ్లు పట్టింది. 1988లో సియాటిల్ నుంచి ఫీనిక్స్‌కు వెళ్లిన టామ్ చేంబర్స్ అలా వెళ్లిన తొలి ఆటగాడు. షార్లట్ హార్నెట్స్ లీగ్‌లో అడుగుపెట్టిందీ ఆ ఏడాదే.

ఊరు చిన్నది కాబట్టి ఆటగాళ్లు నిలవరన్న మాట షార్లట్ విషయంలో పూర్తిగా అతకదు. తొలి రోజుల్లో అక్కడ టికెట్ దొరకడమే గగనం. దాదాపు 24 వేల మంది పట్టే స్టేడియం వరసగా 364 మ్యాచ్‌లకు నిండిపోయింది. అంత ఆదరణ ఉన్నా 1995లో అలోంజో మోర్నింగ్ చేజారాడు. యాజమాన్యం 1993లోనే లారీ జాన్సన్‌కు 12 ఏళ్లకు 8.4 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది. మోర్నింగ్ అడిగిన జీతం దగ్గర బేరం కుదరలేదు. ఫ్రీ ఏజెంట్ అయ్యాక పోగొట్టుకోవడం కన్నా ముందే మార్చుకోవడం మేలనుకుని అతన్ని మయామీకి పంపారు. మరుసటి ఏడాది మయామీ అతనికి ఏడేళ్లకు 10.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. జాన్సన్‌ను కూడా 1996లోనే న్యూయార్క్‌కు వదులుకున్నారు.

ఆ తర్వాత ఊరికీ జట్టుకూ చెడింది. కొత్త స్టేడియం ప్రతిపాదనను 2001లో ఓటర్లు తిరస్కరించారు, 2002లో జట్టు న్యూ ఓర్లీన్స్‌కు తరలిపోయింది. 2004లో బాబ్‌క్యాట్స్ పేరుతో వచ్చిన కొత్త జట్టు అభిమానులను మొదటినుంచి కూడగట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు యాజమాన్యం సొంతంగా పెట్టిన టీవీ ఛానల్ చాలా ఇళ్లకు చేరనే లేదు, ఏడాది తిరక్కుండానే మూతపడింది. ఎన్‌బీఏ జాతీయ ప్రసారాల సొమ్ము 30 జట్లకూ సమానంగా అందుతుంది. స్థానిక ప్రసారాలు, టికెట్ల రాబడిలో మాత్రం పెద్ద నగరాలకూ చిన్న నగరాలకూ పొంతన ఉండదు, 2011 తర్వాత పెంచిన ఆదాయ పంపిణీ కూడా ఆ తేడాను పూర్తిగా పూడ్చలేదు. 2010లో మైకేల్ జోర్డాన్ బాబ్‌క్యాట్స్‌ను కొన్నాడు. 2011-12లో 66 మ్యాచ్‌లు ఆడి ఏడే గెలిచింది, విజయాల శాతంలో ఎన్‌బీఏ చరిత్రలోనే అది అధమ రికార్డు.

2014లో హార్నెట్స్ పేరు తిరిగి వచ్చింది. 2016 నాటికి జట్టు కూడా కుదురుకుని 48 మ్యాచ్‌లు గెలిచింది, ప్లేఆఫ్స్‌లో మయామీని ఏడో మ్యాచ్ దాకా లాక్కెళ్లింది. నా లెక్కలో అసలు పొరపాటు జరిగింది ఆ వేసవిలోనే. కొత్త టీవీ ఒప్పందం పుణ్యమా అని, ఒక్కో జట్టు మొత్తం జీతాలపై లీగ్ పెట్టే పరిమితి ఒక్కసారిగా 7 కోట్ల డాలర్ల నుంచి 9.41 కోట్లకు ఎగబాకింది. అందరి దగ్గరా డబ్బుంది, అందరూ ఎగబడ్డారు. షార్లట్ నుంచి జెరెమీ లిన్ బ్రూక్లిన్‌కు, కోర్ట్నీ లీ న్యూయార్క్‌కు, అల్ జెఫర్సన్ ఇండియానాకు వెళ్లిపోయారు.

వీరిలో లిన్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పరిమితి దాటైనా సొంత ఆటగాడిని నిలుపుకునే వెసులుబాటు ఎన్‌బీఏలో ఉంది, లారీ బర్డ్ పేరుతో పిలుస్తారు. అది పూర్తిగా వర్తించాలంటే ఆటగాడు మూడు సీజన్లు ఆ జట్టుతో గడిపి ఉండాలి. లిన్ షార్లట్‌లో ఉన్నది ఒక్క సీజనే, జీతం 20 లక్షల డాలర్ల పైచిలుకు. పరిమితిలో ఖాళీ లేకపోతే ఆ జీతానికి 20 శాతం మాత్రమే కలిపి ఇవ్వగలరు. బ్రూక్లిన్ అతనికి మూడేళ్లకు 3.6 కోట్లు చూపించింది. చవకగా దొరికిన ఆటగాడు బాగా ఆడితే అతన్ని నిలుపుకోవడమే కష్టమయ్యే చిక్కు ఇది.

అందరినీ పోగొట్టుకుంటామన్న భయంతో షార్లట్ నికొలా బటూమ్‌కు ఐదేళ్లకు 12 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అతని ఆట ఏటికేడు తగ్గుతూ వచ్చింది, జీతం తగ్గలేదు. బిస్మాక్ బియోంబో కథ ఇంకా విచిత్రం. 2015లో షార్లట్ అతన్ని ఉచితంగా వదిలేసింది, మరుసటి ఏడాది ఒర్లాండో నాలుగేళ్లకు 7.2 కోట్లు ఇచ్చింది, 2018లో ఆ భారీ ఒప్పందంతో సహా అతన్ని తిరిగి తెచ్చుకున్నది షార్లటే.

ఇక మొదట్లో చెప్పుకున్న నిబంధన, అంటే 2017లో వచ్చిన సూపర్‌మ్యాక్స్ సంగతి. 2016లో కెవిన్ డ్యూరాంట్ ఓక్లహోమా సిటీని విడిచి వెళ్లాక, సొంత జట్టు తన తారకు ఇతరులకన్నా చాలా ఎక్కువ ఇవ్వగలిగేలా దీన్ని రూపొందించారు. ఆల్-ఎన్‌బీఏ జట్టులో (సీజన్‌లో మేటి ఆటగాళ్ల గౌరవ జాబితాలో) చోటు వంటి గౌరవం దక్కినవారికే ఇది వర్తిస్తుంది. 2019 మేలో వాకర్‌కు ఆ చోటు దక్కింది. అప్పటికి బటూమ్, బియోంబో, మార్విన్ విలియమ్స్, కోడీ జెల్లర్, మైకేల్ కిడ్-గిల్‌క్రిస్ట్ ఐదుగురి జీతాలే మరుసటి సీజన్‌కు 8 కోట్ల డాలర్లు దాటాయి. మొత్తం జీతాల పరిమితి 10.9 కోట్లు. వాకర్‌కు 3.8 కోట్లు కలిపితే లగ్జరీ ట్యాక్స్, అంటే జీతాలు మరీ పెరిగిన జట్టుపై లీగ్ వేసే పన్ను, పడుతుంది. అంత పన్ను కట్టి 39 మ్యాచ్‌లు గెలిచిన జట్టునే మళ్లీ ఆడించడానికి యాజమాన్యం సిద్ధపడలేదు. తర్వాత వాకర్ మోకాలు మొరాయించింది, బోస్టన్ రెండేళ్లకే అతన్ని వదిలించుకుంది. కాబట్టి ఆ నిర్ణయాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. దానికి దారితీసిన నిర్ణయాలను తప్పుపట్టవచ్చు.

షార్లట్ ఇచ్చినంత ఇస్తే ఎవరైనా వస్తారనడానికి గోర్డన్ హేవర్డ్ ఉదాహరణ. 2014లో షార్లట్ అతనికి నాలుగేళ్లకు 6.3 కోట్లు ఇవ్వజూపితే, మన రైట్ టు మ్యాచ్ కార్డు తరహాలో యూటా అదే మొత్తం ఇచ్చి నిలుపుకుంది. ఆ ఒప్పందంలో మూడేళ్లకే బయటపడే వీలుంది. దాన్ని వాడుకుని హేవర్డ్ 2017లో యూటాను వదిలి బోస్టన్‌కు వెళ్లాడు. ఆ ఏడాది ఆల్-ఎన్‌బీఏలో చోటు దక్కకపోవడంతో అతనికి సూపర్‌మ్యాక్స్ ఇచ్చే అవకాశమే యూటాకు లేకపోయింది. 2020లో అతన్ని షార్లట్ నాలుగేళ్లకు 12 కోట్లతో తెచ్చుకుంది. అందుకు చోటు కోసం బటూమ్‌ను వదిలేసి, అతనికి ఇంకా ఇవ్వాల్సిన 2.7 కోట్లను మూడేళ్లపాటు వాయిదాల్లో మోసింది. గాయాలతో హేవర్డ్ చాలా మ్యాచ్‌లకు దూరమయ్యాడు.

జోర్డాన్ 2010లో సుమారు 27.5 కోట్ల డాలర్ల విలువ కట్టి కొన్న జట్టును 2023లో 300 కోట్ల విలువకు అమ్మాడు. 2016 తర్వాత 2025 దాకా ఆ జట్టు ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ చేరలేదు. జట్టు చేతులు మారిన 2023 వేసవిలోనే, 2020 డ్రాఫ్ట్‌లో (జట్లు వరసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) మూడో స్థానంలో తీసుకున్న లమెలో బాల్‌తో 2028-29 వరకు ఒప్పందం కుదిరింది.