సర్కారును అడగబోమన్నవాళ్లే చట్టసభ మెట్లెక్కారు

వాషింగ్టన్‌లో బడ్జెట్ సీజన్ వచ్చిందంటే చట్టసభ సభ్యుల ఆఫీసుల్లో యూదు సేవా సంస్థల ప్రతినిధులు కనిపిస్తారు. పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌లో కోతలు వద్దని, ముసలివాళ్లకు ఇంటి దగ్గర సాయం అందించే పథకాలకు డబ్బు కావాలని, శరణార్థుల భత్యాలు ఆపొద్దని అడుగుతారు. పైకి ఇది మామూలు లాబీయింగే. కానీ ఈ సమాజం అమెరికాలో కాలు నిలుపుకున్నది ప్రభుత్వం మీద భారం వేయబోమన్న షరతు మీద.

1654లో బ్రెజిల్‌లోని రెసిఫే నుంచి 23 మంది యూదులు న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో, అంటే ఇప్పటి న్యూయార్క్‌లో దిగారు. అక్కడి పాలకుడు పీటర్ స్టైవెసెంట్ వాళ్లను వెళ్లగొట్టాలని చూశాడు. వలసను నడిపే డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ అందుకు ఒప్పుకోలేదు. ఆ కంపెనీలో యూదుల పెట్టుబడి కూడా ఉంది మరి. వాళ్లలోని పేదలు కంపెనీకి గానీ ఊరికి గానీ భారం కాకూడదని, తమవాళ్లను తామే పోషించుకోవాలని చెప్పి 1655లో ఉండనిచ్చింది. తర్వాతి తరాలకు ఇది పరువుకు సంబంధించిన విషయమైంది. న్యూయార్క్‌లో 1874లో పుట్టిన యునైటెడ్ హీబ్రూ ఛారిటీస్ లాంటి సంస్థలు ఆ పట్టుదల మీదే నడిచాయి.

1881 తర్వాత లెక్క మారిపోయింది. తూర్పు యూరప్‌లో, ముఖ్యంగా రష్యా సామ్రాజ్యంలో, దాడులకు, దరిద్రానికి తాళలేక వచ్చిన యూదుల సంఖ్య తర్వాతి నాలుగు దశాబ్దాల్లో 20 లక్షలు దాటింది. ఏ ఊరి సంఘం దగ్గరా అంత డబ్బు లేదు. దాంతో సంఘాలు ఒక అడ్డదారి పట్టాయి: సాయం అడిగినవాడికి పక్క ఊరికి రైలు టికెట్ కొనిచ్చి వదిలించుకోవడం. ఆ ఊరివాళ్లూ అదే చేసేవారు. ఈ సంఘాలన్నీ 1899లో నేషనల్ కాన్ఫరెన్స్ ఆఫ్ జూయిష్ ఛారిటీస్ పేరుతో ఒక్కటయ్యాక తేల్చుకున్న మొదటి పంచాయితీల్లో ఇదొకటి. అవతలి ఊరి సంఘం సరేనంటే తప్ప మనిషిని అక్కడికి పంపకూడదని నియమం పెట్టుకున్నాయి. ఇప్పుడు నెట్‌వర్కింగ్ అని గొప్పగా చెప్పుకునేది మొదలైంది ఇలా, ఒకరి మీద ఒకరికి ఉన్న ఫిర్యాదులతో.

ఈ కాన్ఫరెన్స్‌ను వేధించిన రెండో సమస్య భార్యాబిడ్డల్ని వదిలేసి మాయమైన మగవాళ్లు. పని వెతుక్కుంటానని వేరే ఊరు వెళ్లి అక్కడే ఇంకో కాపురం పెట్టేవాళ్లూ ఉండేవారు. ఇక్కడ భార్య, పిల్లలు ఛారిటీ ఆఫీసు ముందు నిలబడేవారు. 1905లో న్యూయార్క్ రాష్ట్రం పిల్లల్ని అలా వదిలేసి పోవడాన్ని తీవ్ర నేరంగా మార్చింది. దాని కోసం ఒత్తిడి తెచ్చినవాళ్లలో యూదు ఛారిటీలు ముందున్నాయి. చట్టం ఉంటే సరిపోతుందా, మనిషి దొరకాలి కదా! అందుకని 1911లో నేషనల్ డిజర్షన్ బ్యూరో పెట్టారు. తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో వచ్చే ఫోర్వర్ట్స్ పత్రిక తప్పిపోయిన భర్తల ఫొటోలు వరసగా అచ్చేసేది. పేరు, వయసు, చేసే పని, ఆనవాళ్లు అన్నీ అందులో ఉండేవి. ఏదో ఊళ్లో ఎవరో ఒకరు గుర్తుపట్టి ఉత్తరం రాస్తారని ఆశ.

వితంతువుల విషయంలో మాత్రం వ్యవహారం ఇంత తేలిగ్గా నడవలేదు. తండ్రి చనిపోతే, పోషించలేని తల్లి పిల్లల్ని అనాథాశ్రమంలో చేర్చాల్సి వచ్చేది. యునైటెడ్ హీబ్రూ ఛారిటీస్‌లో పనిచేసిన హన్నా ఐన్‌స్టీన్ దీన్ని దగ్గరగా చూసింది. 1909లో వితంతు తల్లుల కోసం విడిగా ఒక నిధి సంఘం పెట్టింది. చందాలతో ఇది తెగే పని కాదని అర్థమయ్యాక ప్రభుత్వమే పింఛను ఇవ్వాలని పట్టుబట్టింది. విచిత్రమేమిటంటే, గట్టిగా అడ్డుపడినవాళ్లలో పేరున్న ప్రైవేటు దాతృత్వ సంస్థలే ఉన్నాయి. సర్కారు డబ్బు జనాన్ని చెడగొడుతుందన్నది వాళ్ల వాదన. చివరికి 1915లో న్యూయార్క్‌లో చట్టం వచ్చింది. ఇలాంటి రాష్ట్ర చట్టాల మీదే 1935 సోషల్ సెక్యూరిటీ చట్టంలోని పిల్లల సాయం పథకం నిలబడింది.

1960ల నుంచి డబ్బు దారి తిరగబడింది. వృద్ధులకు ఆరోగ్య బీమా ఇచ్చే మెడికేర్, పేదలకిచ్చే మెడికెయిడ్ 1965లో వచ్చాయి. ప్రభుత్వం సేవలను ప్రైవేటు సంస్థల నుంచి కొనుక్కునే పద్ధతీ పెరిగింది. యూదు వృద్ధాశ్రమాలకు, కుటుంబ సేవా సంస్థలకు ప్రభుత్వ చెల్లింపులే పెద్ద ఆదాయమయ్యాయి. కాబట్టి వీళ్ల లాబీయింగ్ అంతా పరోపకారమేనని అనలేం, తమ జీతాల బిల్లు కూడా అందులో ఉంది. 1976లో వచ్చిన పన్ను చట్ట సవరణ, ఛారిటీలు లాబీయింగ్ మీద ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో లెక్క చెప్పింది. దాంతో లాబీయింగ్ చేస్తే పన్ను మినహాయింపు పోతుందేమోనన్న వాటి భయం కొంత తగ్గింది.

అయితే డెస్క్ దగ్గర కూర్చున్న కేస్‌వర్కర్‌కు తప్ప బయటివాళ్లకు కనిపించని చిక్కులు కొన్ని ఉంటాయి. నాజీల బారిన పడి బతికిన ఒక ముసలావిడకు జర్మనీ పరిహారం వస్తుంది. దాన్ని ఆదాయంగా లెక్కేస్తే పేదలకిచ్చే అమెరికా భత్యం పోతుంది. అలా లెక్కేయకూడదని 1994లో చట్టం చేశారు. రెండేళ్లకే ఇంకో దెబ్బ తగిలింది. 1996 సంక్షేమ సంస్కరణలు పౌరసత్వం లేనివాళ్లకు భత్యాలు తెంచేశాయి. సోవియట్ యూనియన్ నుంచి శరణార్థులుగా వచ్చిన వృద్ధులూ ఆ దెబ్బకు గురయ్యారు. మరుసటి ఏడాది కొంత సడలించారు గానీ, కొత్తగా వచ్చే శరణార్థులకు ఏడేళ్ల గడువు పెట్టారు. ఆలోపు పౌరసత్వం తెచ్చుకోవాలి. ఎనభై ఏళ్ల వయసులో ఇంగ్లిష్ పరీక్ష రాయడం ఒక టెన్షన్, ఆఫీసుల్లో ఫైలు కదలకపోవడం ఇంకో టెన్షన్. యూదు సంస్థలు ఇతర శరణార్థి సంస్థలతో కలిసి ఒత్తిడి తెస్తే 2008లో మరో రెండేళ్లు పొడిగించారు. ఆ వెసులుబాటూ 2011తో ముగిసింది.

2017లో కుటుంబ సేవా సంస్థల సంఘం, ఉపాధి సేవల సంఘం విలీనమై నెట్‌వర్క్ ఆఫ్ జూయిష్ హ్యూమన్ సర్వీస్ ఏజెన్సీస్ అయ్యాయి. నూటికి పైగా సంస్థలు ఇందులో ఉన్నాయి. వాటి సేవలు పొందేవాళ్లలో యూదులు కానివాళ్లు కూడా చాలామందే. 2025 జులై 4న సంతకమైన బడ్జెట్ చట్టం మెడికెయిడ్ ఖర్చు తగ్గించింది, గ్రీన్ కార్డు లేని శరణార్థులను ఆహార సాయం నుంచి తప్పించింది. మెడికెయిడ్ విషయంలో శరణార్థులపై ఆంక్షలు అమల్లోకి వచ్చే తేదీగా 2026 అక్టోబరు 1ని పెట్టింది.