పక్క కుర్చీలో బ్యాగు: బొమ్మల నవలల మీద అపోహలు - వాస్తవాలు

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం నా పని. అమెరికాలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా మిడిల్ స్కూల్ అంటారు. అక్కడ ఎవరూ జట్టులో కలుపుకోని పిల్లల మీద నవ్వించే బొమ్మల నవలలు బోలెడు వస్తాయి. సెలవులకు ఇక్కడికొచ్చే మన పిల్లల బ్యాగుల్లోనూ అవే. వాటి గురించి పెద్దవాళ్లు నాతో అనే మాటలు కొన్ని.

అపోహ: బొమ్మలుంటే అది అసలు చదువే కాదు.

వాస్తవం: అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే పెద్ద బహుమతి న్యూబెరీ మెడల్. 1922 నుంచి ఇస్తున్నారు. 2020లో అది జెర్రీ క్రాఫ్ట్ ‘న్యూ కిడ్’కు వచ్చింది. ఒక గ్రాఫిక్ నవలకు, అంటే బొమ్మల నవలకు, ఆ మెడల్ రావడం అదే మొదటిసారి. ఇంతకంటే వాదించే ఓపిక నాకు లేదు.

అపోహ: ఆ పిచ్చిగీతలు మావాడూ గీస్తాడు.

వాస్తవం: గీయమనండి, చూద్దాం. ఒకసారి నాకొచ్చిన వాక్యం ఇది: “ఒక్కణ్ణే కూర్చుని తింటే నాకు హాయి.” నేను తల వంచుకుని కన్నీళ్లు పెట్టుకుంటున్న పిల్లాణ్ణి గీశాను. ఎడిటర్ తిప్పి పంపారు. నిజమే, ఏడిపించేశాక ఇంక నవ్వేముంది? చివరికి వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, ఎవరో వస్తున్నట్టు పక్క కుర్చీలో వాడి బ్యాగు పెట్టాను. మొహానికి రెండు చుక్కలు, ఒక గీత. ఆ గీత కాస్త వంగితే జాలి, తిన్నగా ఉంటే నవ్వు. పదకొండుసార్లు గీస్తే గానీ కుదరలేదు. వాడి మాట అబద్ధమాడాలి, బొమ్మ వాణ్ణి పట్టించెయ్యాలి. బుడుగు చదువుతూ బాపు బొమ్మలు చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

సిసీ బెల్ ‘ఎల్ డెఫో’ (2014) చూడండి. ఆవిడకు నాలుగేళ్లప్పుడు మెనింజైటిస్ వచ్చి వినికిడి పోయింది. తన కథలో అందరినీ కుందేళ్లుగా గీశారు. అంతంత చెవులున్న పిల్లకే వినపడదు! వినికిడి యంత్రం బ్యాటరీ అయిపోతుంటే మాటల బుడగల్లో అక్షరాలు వెలిసిపోతాయి. తర్వాత ఖాళీ బుడగలే. ఆ ఖాళీ బుడగ చేసే పని మాటల్లో చెప్పాలంటే ఒక పేరా పడుతుంది.

అపోహ: హీరో స్వార్థపరుడు, పిల్లలు చెడిపోతారు.

వాస్తవం: స్వార్థపరుడే, కాదనను. జెఫ్ కిన్నీ ‘డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్’ని మొదట పెద్దవాళ్లు చిన్నతనం తలచుకుని నవ్వుకోవడానికే రాయాలనుకున్నారు. 2007లో పుస్తకంగా వచ్చేసరికి అది పిల్లల పుస్తకమైంది. వాడి తప్పును ఎవరూ వేలెత్తి చూపరు, చదివేవాడే పట్టుకోవాలి. పిల్లలు పట్టుకుంటారు కూడా. అయితే ఆ దారిలో వచ్చినవాటిలో లావు పిల్లాణ్ణి చూసి నవ్వడం తప్ప ఇంకేమీ లేనివీ ఉన్నాయి. అవి నేనూ పక్కన పెట్టేస్తాను.

అపోహ: స్నేహితుల్లేని పిల్లలే ఇవి చదువుతారు.

వాస్తవం: మా అక్క కూతురికి స్నేహితులకు కొదవ లేదు. ఆ బ్యాగు బొమ్మ చూపిస్తే కాసేపు చూసి, “బ్యాగు పెడితే తెలిసిపోతుంది మామయ్యా. నేనైతే పుస్తకం తెరిచి పెట్టుకుంటా, చదువుకుంటున్నా అనుకుంటారు” అంది.