పెరట్లో చిన్న ఇల్లు: డిజైన్‌కు డబ్బు కట్టేముందు

కాలిఫోర్నియాలో ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. అమ్మానాన్నలు వస్తే ఉండటానికి పెరట్లో ఏడీయూ (ఉన్న ఇంటి స్థలంలోనే కట్టే రెండో చిన్న ఇల్లు) కట్టుకుందామని ఫోన్ చేసే తెలుగువాళ్లలో చాలామంది అప్పటికే ఎక్కడో డిజైన్‌కు అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటారు. స్థలం సంగతి ఎవరూ చూసి ఉండరు. నాకు బాధేసేది అక్కడే.

అపోహ: హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే ఏడీయూ రాదు.
వాస్తవం: ఒక్క కుటుంబం ఉండే ఇళ్ల స్థలాల్లో దాన్ని పూర్తిగా ఆపే హక్కు హెచ్‌ఓఏకి లేదు. సమంజసమైన షరతులు మాత్రం పెట్టొచ్చు.

అపోహ: రాష్ట్ర చట్టం ఉంది కదా, మన స్థలంలో కచ్చితంగా పడుతుంది.
వాస్తవం: చట్టం మనవైపే ఉంది. 800 చదరపు అడుగుల దాకా అయితే పక్కలకీ వెనక్కీ 4 అడుగులు వదిలితే చాలు. అప్లికేషన్ అన్నీ సరిగ్గా ఉండి అందాక సిటీ 60 రోజుల్లో తేల్చాలి. కానీ వెనక కంచె వెంబడి 10 అడుగుల యుటిలిటీ ఈజ్‌మెంట్ (కరెంటు, నీళ్ల లైన్లలాంటి వాటికోసం ఖాళీగా వదలాల్సిన జాగా) ఉంటే ఆ 4 అడుగుల లెక్క పనికిరాదు. ఇల్లు కొన్నప్పుడు చేతికొచ్చిన టైటిల్ రిపోర్ట్ బయటికి తీయండి. ఈజ్‌మెంట్ల వివరాలు అందులోనే ఉంటాయి. దాంతోపాటు కరెంటు ప్యానెల్ మీద ఎన్ని ఆంప్స్ అని రాసుందో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. పాత ఇళ్లలో 100 ఉంటే పెంచాల్సి రావచ్చు, ఆ ఖర్చు వేరే.

అపోహ: సిటీ ముందే ఆమోదించిన ప్లాన్ తీసుకుంటే ఏ టెన్షనూ ఉండదు.
వాస్తవం: సిటీ ఆమోదించింది ఇంటి ప్లాన్‌ని, మీ పెరడుని కాదు. స్థలంలో ఇల్లు ఎక్కడ వస్తుందో చూపే సైట్ ప్లాన్ విడిగా గీయాల్సిందే.

అపోహ: డ్రైనేజీ సంగతి కాంట్రాక్టర్ చూసుకుంటాడు.
వాస్తవం: అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. ఒక ఇంట్లో డ్రాయింగ్స్ మొత్తం పూర్తయ్యాక నన్ను పిలిచారు. సీవర్ క్లీనవుట్ (మురుగు పైపుని శుభ్రం చేయడానికి పైకి పెట్టిన గొట్టం) మూత తీసి టేపు దించాను. పైపు 18 అంగుళాల లోతులోనే తగిలింది. అక్కణ్నుంచి ఏడీయూ గీసిన చోటికి 80 అడుగులు. మురుగు పైపుకి అడుక్కి పావు అంగుళం వాలు కావాలి, అంటే 20 అంగుళాలు. నేలంతా సమంగా ఉంది కాబట్టి ఏడీయూ దగ్గరికి వచ్చేసరికి పైపు భూమి పైకి తేలుతుంది. పంపు పెట్టుకోవచ్చు, కానీ వయసైనవాళ్లు ఉండే ఇంట్లో కరెంటు పోతే బాత్రూమ్ కూడా ఆగిపోతుందని ఆ ఇంటావిడ ఒప్పుకోలేదు. ఆవిడ అన్నది నాకూ సబబే అనిపించింది. చివరికి ఏడీయూని క్లీనవుట్ దగ్గరికి జరిపి, చిన్నది చేసి, మొత్తం మళ్లీ గీశాం.