నోటుబుక్కు వెనక అట్ట మీద చెట్టు గుర్తు: దాని వెనక కథ

జూన్ వచ్చిందంటే విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపుల ముందు కాలు పెట్టే చోటుండదు. అలాంటి రద్దీలో డజను లాంగ్ నోటుబుక్కులు కొని, ఇంటికొచ్చి అట్టలు వేస్తుంటే, ఒకదాని వెనక మూలన చిన్న గుర్తు కనిపించింది. టిక్కు పెట్టినట్టు మొదలైన గీత పైకి సాగి చెట్టు బొమ్మ అవుతుంది. కింద ఎఫ్‌ఎస్‌సీ, మిక్స్ అని ఇంగ్లిషు అక్షరాలు. "ఇదేంటి నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముప్ఫై నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1980ల్లో ఉష్ణమండల అడవులను కలప కోసం నరికేస్తుంటే యూరప్, అమెరికాల్లో జనం ఆ కలప కొనొద్దని ఉద్యమాలు చేశారు. కానీ కొనడం మానేస్తే అడవికి విలువ పోతుంది, దాన్ని కొట్టేసి పొలమో పశువుల బీడో చేస్తారన్న భయం కూడా ఉంది. 1992లో రియోలో జరిగిన ధరిత్రీ సదస్సులో దేశాలు అడవుల మీద గట్టి ఒప్పందానికి రాలేకపోయాయి. మరుసటి ఏడాది పర్యావరణ సంఘాలు, కలప వ్యాపారులు, ఆదివాసీ ప్రతినిధులు టొరంటోలో కలిసి ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్‌ను పెట్టారు. అదే ఎఫ్‌ఎస్‌సీ. అడవిని పాడుచేయకుండా తీసిన కలపకు అది ఈ చెట్టు ముద్ర ఇస్తుంది. 1999లో పీఈఎఫ్‌సీ అనే ఇలాంటి మరో ముద్ర పద్ధతి వచ్చింది.

పని తీరు ఇలా ఉంటుంది. అడవినో తోటనో బయటి ఆడిటర్లు వచ్చి చూస్తారు. అరుదైన జంతువులు, పక్షులు ఉండే చోట్లను ముందే గుర్తించి కాపాడాలి. తరవాత కర్ర నరికిన చోటు నుంచి నోటుబుక్కు దాకా ఎన్ని చేతులు మారితే అన్ని చోట్లా లెక్క ఉండాలి. 1994 నవంబర్ తరవాత సహజ అడవిని కొట్టి వేసిన తోటకు ఈ ముద్ర ఇవ్వకూడదని మొదట్లో గడువు పెట్టారు. ఈ మధ్య దాన్ని 2020 చివరికి జరిపి, పాత నష్టాన్ని సరిదిద్దాలనే షరతు చేర్చారు. ఈ సడలింపు నాకు నచ్చలేదు. మా అమ్మాయి పుస్తకం మీద ఉన్న మిక్స్ అనే మాట కూడా చదివి అర్థం చేసుకోవాల్సిందే. అందులోని కాగితపు గుజ్జు అంతా ముద్ర పడిన అడవిదే కానక్కర్లేదు.

మరి జంతువులకు ఏం ఒరిగింది? మలేసియా సబా రాష్ట్రంలో డెరామకోట్ అనే అడవి ఉంది, దాదాపు 55 వేల హెక్టార్లు. 1997 నుంచి ముద్ర ఉన్నా అక్కడ కలప కొడుతూనే ఉన్నారు. అయినా ఒరాంగుటాన్లు, మబ్బు చిరుతలు ఆ అడవిలో ఉన్నాయి. ఇంకా గట్టి ఆధారం మధ్య ఆఫ్రికా నుంచి వచ్చింది. గాబన్, కాంగో రిపబ్లిక్‌లలో ముద్ర ఉన్న 7 కలప అడవుల్లో, లేని 7 అడవుల్లో కెమెరాలు పెట్టి దాదాపు 13 లక్షల ఫొటోలు పరిశీలించారు. ఫలితాలు 2024లో వచ్చాయి. ముద్ర ఉన్నచోట పెద్ద జంతువులు, ముఖ్యంగా అడవి ఏనుగులు, గొరిల్లాలు ఎక్కువగా కనిపించాయి. లేనిచోట ఎలుకల జాతి, చిన్న ప్రాణుల వాటా ఎక్కువ.

కారణం వింటే ఎంత మామూలు పనో అనిపిస్తుంది. కలప లారీల కోసం వేసిన దారిలోనే వేటగాళ్లూ వస్తారు. కాబట్టి ముద్ర ఉన్న అడవుల్లో నరకడం అయిపోగానే ఆ దారి మూసేస్తారు. గేట్ల దగ్గర బండ్లు ఆపి వెతుకుతారు. క్యాంపుల్లో కూలీలకు వేరే మాంసం దొరికేలా చూస్తారు, అడవి మాంసం జోలికి పోకుండా.

మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. చాలాకాలం కాగితం మిల్లులు అడవి వెదురు మీదే బతికాయి. 1988 జాతీయ అటవీ విధానం దాన్ని మార్చమంది: మిల్లులు రైతులతో నేరుగా మాట్లాడుకుని ముడిసరుకు పెంచుకోవాలి. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అడవుల్లో నరుకుడుకు కళ్లెం వేసింది. అలా నందిగామ వైపు, గుంటూరు, ప్రకాశం మెట్ట పొలాల్లో సుబాబుల్, జామాయిల్ తోటలు లేచాయి. హైవే మీద తొక్క తీసిన తెల్లటి కర్ర నిలువెత్తు పేర్చి, తాళ్లు బిగించి కట్టిన లారీ వెళ్తుంటే చాలామంది పట్టించుకోరు. ఆ లోడు పొలంలో పెరిగింది కాబట్టి అంత మేరకు అడవి మీద కోత తప్పింది. మాచర్ల దాటితే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. 2018 లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో పులులు 48, 2022లో 63. ఆ పెరుగుదల సుబాబుల్ వల్లే అనను. చెంచుల సాయంతో రాత్రింబవళ్లు తిరిగే అటవీ సిబ్బంది కష్టం అది. కానీ ఆ సిబ్బంది కాపలా కాసే చోట కాగితం కోసం గొడ్డలి పడకుండా ఉండాలి కదా.

ఈ ముద్రను గుడ్డిగా నమ్మమని కూడా చెప్పను. అడవులను సరిగ్గా కాపాడలేకపోతోందంటూ గ్రీన్‌పీస్ ఇంటర్నేషనల్ అనే పర్యావరణ సంస్థ 2018లో ఎఫ్‌ఎస్‌సీ నుంచి బయటికొచ్చింది. ఇండోనేసియాలోని సుమత్రా అడవుల విషయంలో ఒక పెద్ద కాగితం గ్రూపుతో ఎఫ్‌ఎస్‌సీయే 2007లో సంబంధం తెంచుకుంది.

2023 డిసెంబర్‌లో కేంద్రం మన దేశానికంటూ ఒక అటవీ, కలప సర్టిఫికేషన్ పథకం మొదలుపెట్టింది. అడవి బయట, పొలాల్లో పెరిగే చెట్లకూ అది వర్తిస్తుంది. రెండెకరాల సుబాబుల్ రైతు ఒక్కడే ఆడిట్ ఖర్చు భరించలేడు, అందుకే చిన్న రైతులందరినీ ఒక గ్రూపుగా కలిపి ఒకే సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. టన్నుకు గిట్టుబాటు ధర రాకపోతే ఆ రైతు తోట పీకేసి వేరే పంట వేసుకుంటాడు. అప్పుడు మిల్లుకు కర్ర ఎక్కడి నుంచి వస్తుందన్నదే నా దిగులు.