మైనస్ ఇరవై ఏడు

మా ఇంట్లో ఇంటర్నెట్ బాక్సు మీద ఎర్ర లైటు వెలిగిందంటే దారిలో ఎక్కడో వైరు తెగిందని లెక్క. మొన్న వాయుగుండం పుణ్యమా అని రాత్రంతా గాలి కొట్టింది. తెల్లవారేసరికి లైటు ఎర్రబడింది. మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం, ఉదయగిరి వైపు. మండల కేంద్రం 11 కిలోమీటర్లు.

మధ్యాహ్నానికి కేబుల్ కుర్రవాడు బండి మీద వచ్చాడు. స్తంభాల వెంట వెతుక్కుంటూ పోతాడనుకున్నాను. పోలేదు. రామాలయం పక్కన స్తంభానికి ఉన్న పెట్టె తెరిచి, ఫైబర్ అనే ఒక గాజు పోగు కొసను చేతిలో ఇమిడే యంత్రానికి తగిలించాడు. తెర మీద ఒక గీత ఏటవాలుగా దిగుతూ దిగుతూ ఒకచోట దబ్బున కింద పడిపోయింది. "ఆరు పాయింట్ మూడు దగ్గర కట్ అయిందన్నా" అని పెట్టె మూసేశాడు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఊరుకోలేదు. "ఇక్కడ నిలబడి ఎలా చెప్పగలిగావు రా అబ్బాయ్?" అన్నాడు.

బావిలో రాయి వేసి, చప్పుడు వినిపించేదాకా అంకెలు లెక్కపెట్టి లోతు చెప్పే పిల్లలను చూసే ఉంటారు. ఓటీడీఆర్ అనే ఆ యంత్రం చేసేదీ అదే, రాయికి బదులు కాంతితో. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 6.3 కిలోమీటర్లు వెళ్ళి తిరిగి రావడానికి 63 మైక్రోసెకన్లు చాలు. అయితే తెగిన చోటి నుంచి మాత్రమే కాదు, దారి పొడవునా గాజులోని అతి సూక్ష్మమైన హెచ్చుతగ్గులకు తగిలి పిసరంత కాంతి వెనక్కి చెదురుతూనే ఉంటుంది. ఆకాశాన్ని నీలంగా చూపించే చెదరడమూ ఈ జాతిదే. తెర మీది ఏటవాలు గీత అలా తరుగుతూ పోతున్న కాంతి జాతకం.

పల్లెకు ఇంటర్నెట్ అనగానే ఎన్ని ఎంబీపీఎస్‌లు అని అడుగుతారు. నన్నడిగితే వేగం రెండో సంగతి. ముందు చూడవలసింది, బయలుదేరిన వెలుతురులో ఊరు చేరేసరికి ఎంత మిగిలిందన్నది.

కిటికీ అద్దాన్ని ఎదురుగా చూస్తే రంగు ఉండదు. అదే అద్దాన్ని అంచు వైపు నుంచి చూడండి, ఆకుపచ్చగా ఉంటుంది. అది గాజులో మిగిలిపోయిన ఇనుము రంగు. గూడూరు దగ్గర చిల్లకూరు వైపు తవ్వే తెల్ల ఇసుక గాజు ఫ్యాక్టరీలకు పోతుంది. చూడటానికి పంచదారలా ఉన్నా అందులోనూ అంతో ఇంతో ఇనుము ఉంటుంది. సీసాకూ కిటికీకీ ఫర్వాలేదు. కిలోమీటరు మందం ఉన్న కిటికీలోంచి చూడాలంటే మాత్రం అవతల చీకటే.

1966లో ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ అనే ఇద్దరు ఇంజనీర్లు తప్పు గాజుది కాదని, అందులోని మలినాలదని లెక్క కట్టి చూపించారు. నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెల్లకు దించగలిగితే గాజు పోగులోంచి టెలిఫోన్ మాటలు పంపవచ్చన్నారు. 20 డెసిబెల్ల నష్టమంటే నూరు పాళ్ళలో ఒక పాలు మిగలడం. అదేం గొప్ప అనిపించవచ్చు గాని, అప్పటి మంచి గాజులో నష్టం కిలోమీటరుకు 1000 డెసిబెల్ల దరిదాపుల్లో ఉండేది. అమెరికాలోని కార్నింగ్ కంపెనీ 1970లో ఆ గీతను దాటింది. కావ్‌కు నోబెల్ బహుమతి 2009లో గాని రాలేదు. ఇప్పటి పోగును ఇసుక కరిగించి తీయరు. సిలికాన్ సమ్మేళనాల ఆవిరిని ఆక్సిజన్‌తో కలిపి మంటలో శుద్ధమైన గాజును పొరలు పొరలుగా పేర్చి, దాన్ని వేడిచేసి పోగుగా లాగుతారు. మొత్తం మందం 125 మైక్రాన్లు, వెంట్రుక కంటే కాస్త లావు. కాంతి నడిచేది నట్టనడుమ ఉన్న 9 మైక్రాన్లలోనే. నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెల్ల దాకా తగ్గింది, అంటే 15 కిలోమీటర్లు పోయాక కూడా సగం కాంతి మిగిలే ఉంటుంది.

మరి ఇంత మంచి గాజు ఉండగా మా ఊరికి కష్టమేమిటి? పంపకం.

మండల కేంద్రంలోని యంత్రం నుంచి బయలుదేరే కాంతి సుమారు 2 మిల్లీవాట్లు. ఒక మిల్లీవాటును సున్నా అనుకునే కేబుల్ వాళ్ళ భాషలో ప్లస్ 3. దారిలో స్ప్లిట్టర్ అనే చిన్న డబ్బీ ఒక పోగును 32 పోగులుగా చీలుస్తుంది. దానికి కరెంటు అక్కర్లేదు, పాడయ్యే భాగాలూ లేవు. కాని ఐదుసార్లు సగం చేసినట్టే కాబట్టి 15, డబ్బీలో వృథా అయ్యేది ఓ 2, అక్కడే 17 డెసిబెల్లు పోతాయి. ఈ కాంతికి నష్టం 0.2 కంటే కాస్త ఎక్కువే కాబట్టి 11 కిలోమీటర్ల గాజుకు ఓ 3, అతుకులకూ కనెక్టర్లకూ మరో 3. ప్లస్ 3లోంచి ఇవన్నీ తీసేస్తే మా ఇంటికి మైనస్ 20 మిగులుతుంది. వాట్లలో చెబితే బయలుదేరినదానిలో రెండు వందల వంతు. బాక్సుకు అది చాలు. మైనస్ 27 దాటిందంటే మాత్రం గుర్తుపట్టలేక ఎర్ర లైటు వేసుకుని కూర్చుంటుంది. చేతిలో ఉన్న మిగులు 7 డెసిబెల్లు. కుర్రవాడు వచ్చినప్పుడల్లా "పవర్ ఎంతుందన్నా?" అని చూసుకునేది ఆ మైనస్ అంకెనే.

ఈ మిగులును ఎవరైనా తినేయవచ్చు. ఒకసారి మా అమ్మ అడ్డంగా వేలాడుతోందని వైరును క్యాలెండరు మేకుకు బిగించి చుట్టింది. గాజు పోగులో కాంతి గోడలకు వాలుగా తగులుతూ వెనక్కి మళ్ళుతూ పోతుంది. వంపు మరీ బిగుసుకుంటే ఆ వాలు చెడి కాంతి పక్కకు జారిపోతుంది. కుర్రవాడు ఎర్ర లేజర్ పెన్నును వైరుకు తగిలించి ఇంట్లో లైటు ఆపమన్నాడు. మేకు చుట్టూ వైరు నిప్పు కణికలా ఎర్రగా మెరిసింది. అమ్మ ఇప్పటికీ నమ్మదు, దేవుడి పటానికి పెట్టే సీరియల్ బల్బులాంటిదేదో పెట్టాడంటుంది.

ఇక్కడే భౌతికశాస్త్రం డబ్బు లెక్కలోకి దిగుతుంది. నెల్లూరు టౌనులో 32 ఇళ్ళు ఒక్క వీధిలో దొరుకుతాయి. మెట్టలో 32 కనెక్షన్లు కావాలంటే మూడు నాలుగు మజరాలు తిరగాలి. 32కు బదులు 8గానే చీలిస్తే స్ప్లిట్టర్ దగ్గర పోయేది పదిన్నర డెసిబెల్లే. ఆదా అయిన ఆరున్నరతో, వెలుతురు వరకే చూసుకుంటే, మరో 20 కిలోమీటర్లకు పైగా పోవచ్చు. పోవచ్చు గాని, మండల కేంద్రంలో పెట్టిన లేజర్ ఖర్చు, స్తంభాల అద్దె, కుర్రవాడి జీతం అన్నీ 32 ఇళ్ళకు బదులు 8 ఇళ్ళే మోయాలి. దూరం కావాలంటే పంపకం తగ్గాలి, పంపకం తగ్గితే ధర పెరగాలి. మెట్ట ఊళ్ళో నెలకు వంద రూపాయలు ఎక్కువంటే పదిమందిలో ఆరుగురు ఫోనులోని డేటా చాలులే అంటారు.

అందుకే ఈ పని మార్కెట్‌కు వదిలేస్తే కదలదని ప్రభుత్వాలు పూనుకున్నాయి. సుమారు 2.5 లక్షల పంచాయతీలకు ఫైబర్ వేయాలన్న పథకానికి 2011లో కేంద్రం ఆమోదం తెలిపింది. ఆ తర్వాత దాని పేరు భారత్‌నెట్. భూమిలో లోతైన కందకం తవ్వి వేయడం మొదట్లో దాని పద్ధతి. మన రాష్ట్రం ఇంకో దారి పట్టింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కోసం కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల కేబుల్ లాగారు. నెలకు 149 రూపాయల ప్యాకేజీతో మొదలైంది. రాతి నేల తవ్వే బాధ లేదు, పని త్వరగా అవుతుంది. బదులుగా గాలికీ లారీకీ దొరికిపోతుంది. భూమిలో వేసినదానికి రోడ్డు వెడల్పు చేసే ప్రొక్లెయినర్ ఉంది. కాబట్టి ఏది మేలంటే నేను తేల్చి చెప్పను. మెట్టలో మాత్రం స్తంభాలే నయమనిపిస్తుంది, తెగితే కంటికి కనపడుతుంది.

భారత్‌నెట్ మొదటి రూపంలో పంచాయతీలు మామిడాకుల తోరణంలా ఒకదాని వెనక ఒకటి వేలాడేవి. మొదలు దగ్గర తాడు తెగితే అవతలివన్నీ పోయినట్టే. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరణ పథకంలో ఆ తాడు రెండు కొసలనూ కలిపి వలయం చేస్తామన్నారు. ఒకచోట తెగినా కాంతి రెండో వైపు నుంచి తిరిగి వస్తుంది. నా దృష్టిలో మొత్తం పథకంలో తెలివైన మాట ఇదే. కాని వలయం పంచాయతీ దాకానే. అక్కడి నుంచి 3 కిలోమీటర్ల అవతల చెరువు కట్ట కింద ఉన్న గిరిజన కాలనీకి మళ్ళీ ఒంటి తాడే, అది కూడా ఉంటే. కాగితం మీద మాత్రం పంచాయతీకి ఫైబర్ చేరింది.

కొండల నీడన సెల్ టవరు సంకేతం కూడా అందని ఊళ్ళకు ఉపగ్రహం ఒక దారి. 2022 అక్టోబర్ 23న అర్ధరాత్రి దాటాక శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం-3 రాకెట్ లేచింది. జిల్లాల విభజనలో అక్కడి రాకెట్ కేంద్రం షార్ తిరుపతి వైపు వెళ్ళింది గాని, మిద్దె ఎక్కి చూసే నెల్లూరు వాళ్ళకు ఆ గీత ఎప్పుడూ తెలియదు. ఆ రాత్రి పైకి పోయినవి 36 వన్‌వెబ్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు. తర్వాతి మార్చి 26న మరో 36. ఇవి 1,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. డీటీహెచ్ ఉపగ్రహం ఉండేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున. అంత పైకి వెళ్ళి కిందికి రావడానికి మాటకు పావు సెకను పడుతుంది, జవాబుకు మరో పావు. అలాంటి ఉపగ్రహం మీదుగా పోయే ఫోనులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగిపోయేది అందుకే. 1,200 నుంచైతే సెకనులో వందో వంతు కూడా పట్టదు. కాని ఒక ఉపగ్రహం తన కింద ఉన్న నేలంతటికీ తన సామర్థ్యాన్ని పంచాలి, దట్టమైన వానలో దాని సంకేతమూ నీరసపడుతుంది. స్తంభం కూలిన రోజే డిష్ గొడుగూ మొరాయిస్తుందన్నమాట. నల్లమల గూడేనికి అది అందితే వరం. మా ఊరికి గాజు పోగే మేలు.

ఇంతకీ ఆ కోత. కుర్రవాడి వెనక నేనూ బండెక్కాను. బండి మీటరు 6 కిలోమీటర్లు కూడా చూపించక ముందే తెగిన చోటు కనిపించింది. తేడా స్తంభాలకు చుట్టి వదిలిన మిగులు వైరుది. యంత్రం కొలిచేది రోడ్డును కాదు, గాజును. ఊరంతా గాలిని తిట్టుకున్నాం గాని, గాలి చేసింది వైరును కిందికి జార్చడమే. తెంపింది తెల్లవారుజామున పోయిన జామాయిల్ కర్ర లారీ. కొమ్మల ముక్కలు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి.

అతను గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. పోగు మీది రంగు పూత ఒలిచి, స్పిరిట్ దూదితో తుడిచి, కొసను నిటారుగా కత్తిరించాడు. తెగిన ముక్కలను ఒక్కొక్కటీ టేపుకు అంటించాడు, వేలిలో గుచ్చుకుంటే కంటికి కనపడవట. రెండు కొసలనూ యంత్రంలో పెట్టగానే తెర మీద రెండు దూలాల్లా కనిపించాయి, వాటంతట అవే ఎదురెదురుగా జరిగాయి. చిటుక్కున ఒక విద్యుత్ మెరుపు. దూలాలు ఒకటయ్యాయి. నష్టం 0.03 అని చూపించింది. ఆరు పోగులు, మధ్యలో కొత్త ముక్క కాబట్టి ఒక్కోదానికి రెండు అతుకులు. చివరి వాటికి వచ్చేసరికి పొద్దు వాలింది, బ్యాటరీ అయిపోవస్తోంది. పన్నెండు అతుకులనూ చిన్న పెట్టెలో గట్టిగా చుట్టి మూత పెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి లైటు ఆకుపచ్చగా ఉంది. అతను వైరు ఊడదీసి పవర్ చూశాడు. బాక్సు పక్కన గోడ మీద పెన్నుతో రాసిన అంకెలున్నాయి, మైనస్ 20.1, దాని కింద మైనస్ 20.9. వాటి కింద మైనస్ 22.3 అని రాసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.