రాళ్లు ఏరాకే తిరగలి

సరదాకు సొంత రేడియో సెట్లతో మాట్లాడుకునే వాళ్లను హామ్‌లు అంటారు. ఆ హామ్ రేడియో లైసెన్సు పరీక్షకు చదువుతున్న ఒక పాఠకుడు అడిగారు: "కొత్త వాకీటాకీలు ఇంత చవకగా దొరుకుతుంటే, పోలీసులూ ఫ్యాక్టరీలూ వాడి వదిలేసిన పాత బరువు సెట్ల కోసం హామ్‌లు ఎందుకు వెతుకుతారు? కింద పడినా పగలవనా?"

పగలవన్న మాట నిజమే. అమెరికా సైనిక ప్రమాణం 810 ప్రకారం సెట్టును సుమారు 1.2 మీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు పడేస్తారు. 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు, ఒక్కోదాని మీద ఒక్కోసారి. ఐపీ67 గుర్తు ఉన్న సెట్టు మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పనిచేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకి మొబైల్ ఫోన్లు మూగబోయిన రోజును చూసినవారికి ఈ గుణం విలువ వేరే చెప్పనక్కర్లేదు. కానీ నన్ను కట్టిపడేసిన సంగతి పెట్టె గట్టితనం కాదు, దాని లోపలిది.

ఒకసారి టవర్లు కిక్కిరిసిన ఒక గుట్ట మీదికి రెండు సెట్లు పట్టుకెళ్లాను. ఒకటి చవక సెట్టు, ఒకటి పాతది. రెండింటినీ 145 మెగాహెర్ట్జ్ మీదే పెట్టాను. కొన్ని కిలోమీటర్ల దూరం నుంచి మిత్రుడు పిలుస్తున్నాడు. చవక సెట్టులో అతని గొంతు మీద ఎవరిదో కాపలాదారు గొంతు పడుతోంది. ఆ గొంతు బాగా ఉబ్బి, చిట్లిపోయి, దాని వెనక ఒక బుర్రుమనే మోతతో వస్తోంది. కాసేపు ఉంటుంది, ఠక్కున తెగిపోతుంది. పక్కనే పాత సెట్టులో మిత్రుడి మాట తప్ప మరే అలికిడీ లేదు.

ఆ కాపలాదారు 145 మీద మాట్లాడటం లేదు. అసలు ఆ గుట్ట మీద 145లో ఎవరూ మాట్లాడటం లేదు. ఆ గొంతు చవక సెట్టు లోపలే పుట్టింది.

ఎలా పుట్టిందో చూద్దాం. ఉదాహరణకు గుట్ట మీద 150 మెగాహెర్ట్జ్‌లో ఒక స్టేషన్, 155లో మరొకటి బలంగా ప్రసారం చేస్తున్నాయనుకోండి. రిసీవర్‌లోని మొదటి ఆంప్లిఫయర్ మితిమీరిన బలం వచ్చి పడితే వంకరగా పనిచేస్తుంది. ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు పెంచకుండా దాని ఘనాన్ని కూడా కాస్త కలుపుతుంది. రెండు తరంగాల మొత్తాన్ని ఘనం చేసి విడదీస్తే, మొదటిదాని వర్గంతో రెండోదాన్ని గుణించిన పదం ఒకటి వస్తుంది. అందులోంచి తేలే కొత్త పౌనఃపున్యం: రెండు 150లలోంచి ఒక 155 తీసేయండి. సరిగ్గా 145! మన దేశంలో హామ్‌లకిచ్చిన 144–146 పట్టీకి నట్టనడుమ. దీన్నే ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. 150 రెండింతలైంది కాబట్టి దాని గొంతులోని ఊపు కూడా రెండింతలై ఉబ్బి వినిపిస్తుంది. రెండు స్టేషన్లూ ఒకేసారి పలికినప్పుడే ఈ గొంతు బతుకుతుంది.

ఇంటర్మీడియట్ లెక్కల్లో రెండు కొసైన్ల లబ్ధాన్ని మొత్తంగా, తేడాగా మార్చే సూత్రాన్ని మనందరి చేతా బట్టీ పట్టిస్తారు. అది చెవికి వినిపిస్తుందని ఆ తరగతిలో ఒక్కరు చెప్పినా ఎంతమంది పిల్లలు ఆ లెక్కను ప్రేమించేవారో!

ఇప్పుడు తిరగలి సంగతి. బియ్యంలో రాళ్లుంటే ఏరాలి, చేటలో చెరగాలి, ఆ తర్వాతే విసరాలి. రాళ్లతోనే విసిరితే పుట్టిన ఇసుక పిండంత సన్నగా ఉంటుంది. ఆ తర్వాత ఎంత జల్లించినా పోదు. రేడియోలో యాంటెన్నా తెచ్చేది ఏరని బియ్యం. మొదటి ఆంప్లిఫయర్, సంకేతాన్ని వేరే పౌనఃపున్యానికి మార్చే మిక్సర్ తిరగలి. ఆ తర్వాత, కావాల్సిన చానల్‌నే పోనిచ్చే ఫిల్టర్ జల్లెడ. పక్క చానల్‌ను ఆపడంలో ఆ జల్లెడ గట్టిదే. కానీ దొంగ గొంతు సరిగ్గా 145 మీదే పుట్టింది కదా, జల్లెడకు అదీ పిండే. అందుకే చేట తిరగలికి ముందుండాలి. దాదాపు రేడియో మొత్తాన్నీ ఒకే చిప్పులో కుదించిన చవక సెట్టులో ఆ చేట నామమాత్రం. కొన్ని పాత వాణిజ్య సెట్ల మూత తీస్తే బుల్లి లోహపు గదులు కనిపిస్తాయి. ఒక్కో గదిలో నిలబెట్టిన తీగచుట్ట, పైన సన్నని మర. అవే హెలికల్ ఫిల్టర్లు, చేటలు. వెడల్పైన పట్టీ మొత్తం పట్టే మరికొన్ని సెట్లలో చానల్ మార్చినప్పుడల్లా, వోల్టేజిని బట్టి ట్యూనింగ్ మార్చే వారక్టర్ డయోడ్ల సాయంతో చేట కూడా వెంట జరుగుతుంది. తిరగలి కూడా గట్టిదే, బలమైన సంకేతానికి తొందరగా వంకరపోదు. అందుకు విద్యుత్తు ఎక్కువ తాగుతుంది. బ్యాటరీ బరువుకు అదీ ఒక కారణం. ఇలాంటి సెట్ల వివరాల్లో ఇంటర్‌మాడ్యులేషన్‌ను తట్టుకునే శక్తి 70 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది. అంటే బలంలో కోటి రెట్లు.

పొడుగు యాంటెన్నా పెడితే అన్నీ బాగవుతాయన్నది మాలో పాతుకుపోయిన మూఢనమ్మకం. ఘనం చేసే యంత్రం ముందు అది ఎదురు తిరుగుతుంది. వచ్చే సంకేతాలన్నీ పదింతలు బలపడితే అసలు గొంతు పదింతలే పెరుగుతుంది, దొంగ గొంతు వెయ్యింతలు పెరుగుతుంది. తిప్పి చూస్తే ఇదే మంచి పరీక్ష. గుట్ట మీద చవక సెట్టు యాంటెన్నా విప్పి, వేలెడంత పొట్టిది బిగించాను. కాపలాదారు మాయమయ్యాడు. మిత్రుడి గొంతు కాస్త బొంగురుగా, కానీ నిలకడగా మిగిలింది.

వాణిజ్య సెట్లను హామ్ పట్టీకి మళ్లించే అలవాటు కొత్తది కాదు. 1960లలో అమెరికా హామ్‌లు పోలీసు, ట్యాక్సీ సెట్లను తిరిగి ట్యూన్ చేసుకుని ఎఫ్ఎం రిపీటర్లు, అంటే విన్న సంకేతాన్ని మళ్లీ బలంగా ప్రసారం చేసే స్టేషన్లు కట్టారు. 2013 జనవరి 1 నుంచి అక్కడి వాణిజ్య చానళ్ల వెడల్పు 25 నుంచి 12.5 కిలోహెర్ట్జ్‌కు తగ్గించాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. దాంతో వెడల్పు చానల్ మాత్రమే తెలిసిన సెట్లెన్నో సంస్థలకు పనికిరాకుండా పోయాయి. హామ్‌లకు ఆ నిబంధన వర్తించదు.

ఇబ్బందులు లేకపోలేదు. చాలా సెట్లలో పౌనఃపున్యాన్ని మీటలతో నొక్కి పెట్టడం కుదరదు. చానళ్లన్నీ కంప్యూటర్‌తో ముందే నింపుకోవాలి. కొన్నిటికి పాతకాలపు డాస్ కంప్యూటరే కావాలి. కానీ నింపుకున్నాక, చిమ్మచీకట్లో, వానలో తడిసిన వేళ్లతో మొదటి చానల్ నుంచి టక్, టక్, టక్ అని మూడు తిప్పితే నాలుగో చానల్.

కొనబోయే పాఠకుడికి ఒక మాట. ముందు లైసెన్సు చేతికి రావాలి, అది లేకుండా సెట్టు దగ్గర ఉంచుకోవడం కూడా మన చట్టం ఒప్పుకోదు. తర్వాత సెట్టు వెనక బ్యాటరీ తీసి చీటీ చదవండి. 136–174 అని ఉంటే 144 పట్టీకి, 403–470 అని ఉంటే 434–438 పట్టీకి పనికొస్తుంది. 450–520 అని ఉంటే ఎంత కొత్తగా మెరుస్తున్నా తిరిగిచ్చేయండి. దాని చేట వేరే బియ్యానికి చేసింది.