ఒంటికాలి సైకిల్ చెప్పిన సంగతి

స్వీడన్‌లో ఇద్దరు వైద్యులు, బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్, ఒకే వ్యాయామ సైకిలుకు చెరోవైపు కూర్చుని చెరొక కాలితో తొక్కారు. ఇక కాలు కదలదనేదాకా తొక్కి, తొడ కండరంలోంచి సూదితో చిన్న ముక్క తీసి చూశారు. తొక్కిన కాల్లో గ్లైకోజెన్, అంటే ఒంట్లో నిల్వ ఉండే పిండి పదార్థం, దాదాపు అడుగంటింది, విశ్రాంతిగా ఉన్న కాల్లో అలాగే ఉంది. తర్వాత మూడు రోజులు పిండి పదార్థాలు బాగా తిన్నారు. అలసిన కాల్లో గ్లైకోజెన్ తిరిగి నిండడమే కాదు, రెండో కాలికి రెట్టింపు అయింది. 1966లో వచ్చిన ఈ ఫలితంలో నాకు నచ్చేది ఒకటుంది. రెండు కాళ్లకీ అందిన రక్తం ఒకటే, తిన్న తిండీ ఒకటే. అంటే ఖాళీ అయిన కండరమే ఎక్కువ లాక్కుంటోంది.

మరుసటి ఏడాది స్వీడన్‌లోనే అసలు పరీక్ష జరిగింది. ఒకే తీవ్రతతో సైకిల్ తొక్కించారు. కొవ్వు ఎక్కువ, పిండి పదార్థాలు తక్కువ తిన్నాక సుమారు గంటకే చేతులెత్తేశారు. మామూలు భోజనంతో రెండు గంటలకు కాస్త తక్కువ, పిండి పదార్థాలు దండిగా తిన్నాక రెండున్నర గంటలు దాటి తొక్కారు.

ఒంట్లో కొవ్వుకు కొదవేముంది, అది కాల్చుకోవచ్చుగా అనిపిస్తుంది. కాలుతుంది, కానీ అంతే శక్తికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, పైగా నింపాదిగా కాలుతుంది. వేగంగా పరిగెత్తేటప్పుడు గ్లైకోజెనే దిక్కు. అది కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో ఓ 100 గ్రాములు. అందుకే మారథాన్‌లో 30 కిలోమీటర్లు దాటాక చాలామందికి ఒక్కసారిగా కాళ్లు బరువెక్కుతాయి. నిల్వ నింపుకోడానికి పోటీకి ముందు రోజు అన్నం, రొట్టె, బంగాళాదుంప చాలు, ఖరీదైన పొడులు అక్కర్లేదు. ఒక గ్రాము గ్లైకోజెన్‌తో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లు చేరతాయి కాబట్టి బరువు కాస్త పెరిగితే టెన్షన్ పడొద్దు. పొద్దున్నే అరగంట వాకింగ్ చేసేవాళ్లకు మాత్రం ఇదేదీ అవసరం లేదు.

పరుగు మధ్యలో పేగులు గ్లూకోజ్‌ను గంటకు 60 గ్రాములకు మించి పెద్దగా పీల్చుకోలేవు. పండ్లలో ఉండే చక్కెర ఫ్రక్టోజ్‌ది వేరే దారి కాబట్టి రెండూ కలిపితే 90 దాకా వెళ్లొచ్చు. సాధన లేకుండా రేసు రోజే ప్రయత్నిస్తే కడుపు తిరగబడుతుంది.

వింత ఏమిటంటే, గంటసేపటి పోటీలో మింగకపోయినా ఫలితం ఉంటుంది. 2004లో ఇంగ్లండ్‌లో సైక్లిస్టులు మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థం కలిపిన నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే వేగం సుమారు 3 శాతం పెరిగింది. గ్లూకోజ్‌ను నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే మాత్రం పెరగలేదు. ఆ నీళ్లకు తీపి కూడా పెద్దగా ఉండదు. నోరు పిండి పదార్థాన్ని పసిగట్టి మెదడుకు కబురు పంపుతోందని శాస్త్రవేత్తల అంచనా.